గెజిటెడ్ పిడికిలి

మా ఆఫీసులో గుడ్లు పెట్టిన మొదటి ప్రాణి ఇందుమతిగారి బల్లి. అంతకుముందు అక్కడ చాలామంది చాలా పనులు చేశారు గాని, ఆఫీసు వేళల్లో, అందరూ చూస్తుండగా, ఫలితం కళ్లకి కనబడేలా పని చేసిన దాఖలా మాత్రం మా రికార్డుల్లో లేదు.

నా పేరు బొడ్డు సన్యాసిరావు. జిల్లా విదేశీ పెంపుడు జీవుల నమోదు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. సి-టూ సీటు. జనం ఇళ్లలో పరదేశపు చిలకల్నీ, తాబేళ్లనీ, బల్లుల్నీ పెంచుకుంటున్నారని ఎవరో పైవాళ్ల చెవిన వేశారు. వెంటనే ఒక నియమమూ, ఆ నియమం కూర్చోడానికి ఒక ఆఫీసూ పుట్టుకొచ్చాయి. విదేశీ జీవి ఉన్న ప్రతివారూ దరఖాస్తు పెట్టుకుని, 'జీవిని స్వయముగా హాజరుపరచి' నమోదు చేయించుకోవాలి. ఏడాది గడిచింది. జిల్లా మొత్తమ్మీద ఒక్క చిలక కూడా హాజరు కాలేదు. మేం నెలనెలా 'నిల్' రిపోర్టు పంపుతూ సుఖంగా ఉన్నాం.

అలాంటి రోజుల్లో, ఆషాఢమాసంలో ఒక సోమవారం, పది కొట్టీ కొట్టకముందే ఒక ప్లాస్టిక్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇందుమతిగారు బెంచీ మీద కూర్చున్నారు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. మా వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తపరీక్షలు చేస్తారట. నియమం పేపర్లో చదివి, ఎవరూ అడక్కుండానే వచ్చారు. ఆ మాట విని మా సూపరింటెండెంట్ భానుమూర్తిగారు ఆవిడ కేసి అనుమానంగా చూశారు.

"మిమ్మల్ని ఎవరైనా పంపించారా?"

"లేదండీ. రూలు కదా అని వచ్చాను."

"రూలు కదా అని!" అన్నారాయన నా వైపు తిరిగి. ముప్ఫై యేళ్ల సర్వీసులో అలాంటి మాట విని ఎరగరు పాపం.

డబ్బాలో జానెడు బల్లి. పసుపు రంగు ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్టు నల్లటి మచ్చలు, వేలెడు లావు తోక. మన గోడ బల్లుల్లా కాకుండా దానికి కనురెప్పలున్నాయి; వాటిని నింపాదిగా ఒకసారి మూసి తెరిచింది. లెపర్డ్ గెకో అంటారట. పేరు బంతి. పెంచి అమ్మేవాళ్ల దగ్గర కొన్న రసీదు, పశువైద్యుడి సర్టిఫికెట్టు, అన్నీ ఉన్నాయి.

భానుమూర్తిగారు దరఖాస్తు తెరిచారు. ఆ నమూనా వేరే శాఖ నుంచి అరువు తెచ్చుకున్నది. తొమ్మిదో కాలమ్‌లో 'గుర్తింపు నిమిత్తం రెండు పుట్టుమచ్చలు' అని ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని బల్లి కేసి చూశారు. దాని ఒంటి మీద నాలుగొందల మచ్చలున్నాయి.

"రెండే రాయాలి," అన్నారు దిగులుగా.

ఆయన మనస్సాక్షి ఉన్న మనిషి. ఏవో రెండు రాసి పారేసే రకం కాదు. 'ఎడమ భుజము మీద గుండ్రని మచ్చ' అని రాసేవారు, పక్కన అలాంటివే ఇంకో పదకొండు కనబడితే కొట్టేసేవారు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. బల్లి అసహనంగా డబ్బాలో మూలమూలకీ తిరిగింది. ఇందుమతిగారు రెండుసార్లు, "సార్, దానికి నెలలు నిండినట్టున్నాయి, ఇంటికి తీసుకెళ్లి రేపు తెస్తాను," అన్నారు. కాలమ్ సగంలో ఉండగా జీవిని కదపడానికి వీల్లేదన్నారు ఈయన.

ఒంటిగంటా నలభైకి మా అటెండర్ అప్పలనరసమ్మ డబ్బాలోకి తొంగి చూసి, "బాబూ, పెట్టీసింది," అంది.

తెల్లగా, మెత్తగా, నిమ్మగింజకి రెండు మూడింతలుంటాయి, రెండు గుడ్లు.

మా డిప్యూటీ డైరెక్టర్ జగన్నాథంగారు ఫైల్లో రాసే భాషనే నోటితోనూ మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కూడా 'తగు చర్య నిమిత్తం' అనే అడుగుతారని వినికిడి. ఆయన వచ్చి, డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దరఖాస్తు చూశారు.

"దరఖాస్తు నందు ఒక జీవి. భౌతిక తనిఖీ నందు ఒక జీవి మరియు రెండు గుడ్లు. వ్యత్యాసము కలదు."

"అది ఇక్కడికొచ్చాక పెట్టినవి సార్," అన్నారు ఇందుమతిగారు.

"అదే నేను పరిశీలిస్తున్న అంశం. భానుమూర్తిగారూ, మన ఆవరణలో ఉన్న కొబ్బరిచెట్టు కాయలు ఎవరివి?"

"ప్రభుత్వానివి సార్."

"ఈ ఆవరణలో ఉత్పన్నమైన గుడ్లు?"

భానుమూర్తిగారు ఒక్క క్షణం బల్లి కేసి, ఒక్క క్షణం కిటికీలోంచి కొబ్బరిచెట్టు కేసి చూసి, "ప్రభుత్వానివే సార్," అన్నారు.

తల్లిని ఇందుమతిగారికి రసీదు మీద తిరిగి ఇచ్చారు. గుడ్లు మాత్రం పైనుంచి స్పష్టత వచ్చేవరకూ కార్యాలయ కస్టడీలో ఉంటాయన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"సార్, ఇవి కోడిగుడ్లు కావు. పైన గట్టి పెంకు ఉండదు. గాలికి వదిలేస్తే సాయంత్రానికి ఎండి సొట్టపడిపోతాయి. తడి మీడియంలో పెట్టాలి."

"ఏ మీడియం?"

"తడి మీడియం సార్. అంటే వాటి కింద పరిచే తడిపొట్టు. ఆ తేమని గుడ్డు పీల్చుకుని పెరుగుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే ఎండిపోతుంది. పెట్టినవి పెట్టినట్టే ఉంచాలి, పైది కిందకి తిప్పకూడదు. నేను చేసి ఇస్తాను..."

"ప్రైవేటు వ్యక్తుల మౌఖిక సూచనలు స్వీకరించుటకు అవకాశం లేదు," అన్నారు జగన్నాథంగారు. "మార్గదర్శకాల కొరకు పైకి వ్రాయుదము."

ఆయన చెబుతుండగానే నేను ఉత్తరం రాశాను. ఆయన గదిలోకి వెళ్లగానే నరసమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పైనుంచి కాయితం వొచ్చేసరికి గుడ్డు ఉంటాదేటి బాబూ?"

నరసమ్మ పెనిమిటికి ఊరి చివర పూలమొక్కల నర్సరీ ఉంది. గంటలో ఒక సంచీడు కొబ్బరిపొట్టు తెప్పించింది. నీళ్లలో నానబెట్టి, గుప్పెడు తీసి, పిడికిట్లో గట్టిగా పిండింది. నీళ్లు ధారగా కారాయి. మళ్లీ పిండింది. చుక్కలు పడ్డాయి. మూడోసారి పిండితే ఏమీ పడలేదు, అరచెయ్యి మాత్రం తడిసింది. పిడికిలి తెరిస్తే పొట్టు ఉండలా నిలబడింది.

"విత్తనాలు జల్లడానికి ఇలాగే ఉండాల. ఇడిపోకూడదు, ఓడకూడదు. సూడమ్మా," అంది.

ఇందుమతిగారు వేలితో తాకి చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వారు. "నేను చేసినా ఇంత బాగా రాదు పెద్దమ్మా."

ఖాళీ స్వీటు డబ్బా ఒకటి దొరికింది. మూతకి సూదితో నాలుగు చిల్లులు పొడిచాం. పొట్టు పరిచి, వేలితో రెండు గుంటలు చేసి, ఇందుమతిగారు గుడ్లని చెంచాతో ఎత్తి సగం మునిగేలా పెట్టి, పైభాగం తెలియడానికి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టారు. గదిలో యూపీఎస్ ఒకటి ఏడాది పొడుగునా వెచ్చగా మూలుగుతూ ఉండేది. దాని మీద థర్మామీటరు పెట్టి చూస్తే సరిగ్గా కావలసిన వేడి. ఆ యూపీఎస్ వల్ల ప్రజలకి కలిగిన మొదటి ప్రయోజనం అదే.

యాభై, అరవై రోజులు పడుతుందన్నారావిడ. ప్రైవేటు వ్యక్తి కాబట్టి గుడ్లని చూడ్డానికి అనుమతి లేదు. కాని దరఖాస్తు ఏ దశలో ఉందో విచారించుకునే హక్కు పౌరులకి ఉంది, రోజుకి ఇన్నిసార్లని పరిమితి కూడా లేదు. అందుకని రోజూ భోజనం వేళకి వచ్చి, "నా దరఖాస్తు ఏమైందండీ?" అని అడిగేవారు. నేను, "పరిశీలనలో ఉందండీ," అనేవాణ్ణి. ఈలోపు ఆవిడ డబ్బా మూత ఎత్తి చూసుకునేవారు.

పన్నెండో రోజున పైనుంచి మొదటి జవాబొచ్చింది. మా ఉత్తరం అక్కడ ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదకి ఎగిరిందో గాని, జవాబు చదువులకి సంబంధించిన విభాగం నుంచి వచ్చింది. 'తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం తప్ప తడి మీడియం ప్రవేశపెట్టు ప్రతిపాదన ఏదియు పరిశీలనలో లేదని తెలియజేయడమైనది.'

జగన్నాథంగారు చిన్నబుచ్చుకుని, మీడియం మాట కొట్టేసి 'మాధ్యమం' అని మళ్లీ రాయించారు. ఈసారి మా శాఖ నుంచే వచ్చింది. 'మాధ్యమం నందు తేమ తగినంత ఉండవలెను. తగినంతకు మించి గాని, తగినంతకు తగ్గి గాని ఉండరాదు. తగినంత అనగా ఎంత అనునది క్షేత్రస్థాయి కమిటీ తగిన రీతిన నిర్ణయించవలెను.'

ఆ విధంగా తేమ నిర్ధారణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు జగన్నాథంగారు, కన్వీనరు భానుమూర్తిగారు, సభ్యుణ్ణి నేను. మొదటి సమావేశంలో నేను నరసమ్మ పద్ధతి వివరించాను. పిడికిట్లో పిండాలి, చుక్క రాలకూడదు, ఉండ విడిపోకూడదు.

"ఎవరి పిడికిలి?" అన్నారు భానుమూర్తిగారు.

"అంటే?" అన్నాను.

"ఒక్కొక్కరి బలం ఒక్కొక్కలా ఉంటుంది సన్యాసిరావు. నేను పిండితే చుక్క రాదు, వస్తాదు పిండితే చెంబెడొస్తుంది. రేపు ఆడిట్‌లో అడుగుతారు, ఏ పిడికిలి ప్రమాణంగా తీసుకున్నారని. నరసమ్మది నాలుగో తరగతి పిడికిలి. నాలుగో తరగతి పిడికిలితో ప్రభుత్వ గుడ్ల భవిష్యత్తు తేల్చేస్తామా?"

జగన్నాథంగారు చాలాసేపు ఆలోచించారు. "ఒక మనిషి బతికి ఉన్నాడని ధ్రువీకరించుటకు గెజిటెడ్ అధికారి సంతకం కావలెను. అటువంటప్పుడు బతకబోవు జీవికి..." అని ఆగి, తన కుడిచేతిని పైకెత్తి, మూసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆఫీసులో గెజిటెడ్ పిడికిలి అదొక్కటే.

తీర్మానం ఏకగ్రీవం.

మర్నాటి నుంచి పదిన్నరకి పిండుడు కార్యక్రమం. స్టోర్స్‌ నుంచి ఒక స్టీలు ట్రే తీసి, దాన్ని అధికారిక మాధ్యమ పాత్రగా ప్రకటించారు. పొట్టు నరసమ్మే నానబెట్టేది, పిండేది మాత్రం జగన్నాథంగారు. భానుమూర్తిగారు తువ్వాలు పట్టుకుని నిలబడేవారు. పిండాక ఆయన రిజిస్టర్లో ఆకుపచ్చ సిరాతో 'పిండితిని. తేమ తగినంత' అని రాసి సంతకం చేసేవారు. గుడ్లు ఇంకా యూపీఎస్ మీద స్వీటు డబ్బాలోనే ఉన్నాయని ఆయనకి తెలుసు. 'మాధ్యమం స్థిరపడు వరకు తాత్కాలిక ఏర్పాటు' అని ఒక నోటు నేనే పెట్టాను. నా సర్వీసులో నేను రాసిన వాటిలో ఉపయోగపడిన నోటు అదొక్కటే అనుకుంటాను.

వారం తిరగ్గానే చిక్కొచ్చింది. రోజూ తడిపొట్టు పిసికి ఆయన వేళ్లు ముడతలు పడి, గోధుమరంగుకి తిరిగాయి. హాజరు వేసే యంత్రం ఆయన వేలిని గుర్తుపట్టడం మానేసింది. ఆయన వేలు నొక్కినప్పుడల్లా 'మళ్లీ ప్రయత్నించండి' అని ఆడగొంతుతో చెప్పేది. పదకొండు రోజులు వరసగా ఆఫీసులో ఉండి తేమ నిర్ధారించినందుకు, పదకొండు రోజులు గైరుహాజరయినట్టు ఆయనకి మెమో వచ్చింది. సంజాయిషీగా తేమ రిజిస్టరు నకళ్లు పంపారు. దాని మీద పైనుంచి ఒక ఉపాయం వచ్చింది: హాజరు కుడిచేత్తో వేసి, తేమ ఎడమచేత్తో నిర్ధారించవలెను.

ఆయన కుడిచేతికే అంతంతమాత్రం బలం. ముప్ఫై యేళ్లుగా పెన్ను కంటే బరువైంది ఎత్తని చెయ్యి. ఎడమచేతికి ఆ పెన్ను అలవాటు కూడా లేదు. ఎంత పిండినా పొట్టులో నీళ్లు పొట్టులోనే ఉండేవి. ట్రేలో వేలు పెడితే గుంటలో నీరూరేది. రిజిస్టర్లో మాత్రం 'తేమ తగినంత'.

అది ట్రే వరకే ఉన్నంతకాలం మాకేం బాధ లేదు. ముప్ఫై ఆరో రోజున, అధికారిక పాత్రలో ఉన్న గుడ్ల ఫొటో రోజూ అక్షాంశ రేఖాంశాలతో సహా అప్‌లోడ్ చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. నా తాత్కాలిక ఏర్పాటు నోటు మీద జగన్నాథంగారు అడ్డంగా ఒక గీత గీశారు. భానుమూర్తిగారు చెంచాతో గుడ్లని ట్రేలోకి మార్చారు.

మూడో రోజు మధ్యాహ్నం ఇందుమతిగారు వచ్చి, "నా దరఖాస్తు..." అని మొదలెట్టి, ట్రే చూసి ఆగిపోయారు. గుడ్ల మీద చెమట పట్టినట్టు నీటిబొట్లు. ఒకదాని మీద బూడిదరంగు నూగు. ఆవిడ నేరుగా డిప్యూటీ డైరెక్టర్ గదిలోకి నడిచారు. వెనకాలే నేనూ.

"సార్, అవి మునిగిపోతున్నాయి. ఆ నీళ్లలో లోపలి పిల్లకి ఊపిరాడదు."

"తేమ తగినంత ఉన్నట్లు నేను ధ్రువీకరించితిని అమ్మా. చూడుడు, నా సంతకం."

"సంతకం తగినంతే ఉంది సార్. నీళ్లే ఎక్కువున్నాయి."

జగన్నాథంగారు రిజిస్టరు మూశారు. "తమరి అభ్యంతరమును వ్రాతపూర్వకముగా ఇచ్చినచో కమిటీ ముందు ఉంచెదను. కమిటీ వచ్చే మంగళవారం."

ఆవిడ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఏడవలేదు. చేతిలో జేబురుమాలు నాలుగు మడతలు వేసి, విప్పి, మళ్లీ వేశారు. "బంతిని అమ్మినచోట మగదానితో కలిపి ఉంచారట సార్. ఇక్కడ దానికి జోడీ లేదు. ఇంకోసారి పెడుతుందో లేదో తెలీదు," అన్నారు. "నేను రూలు చదవకుండా ఉండాల్సింది."

ఆవిడ వెళ్లిపోయాక నేను నా సీట్లో కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఫైలు లేకుండా నేను కుర్చీ కూడా జరపలేదు. ఎదురుగా నరసమ్మ బల్లలు తుడుస్తోంది. తుడిచిన బల్లనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"బాబూ," అంది చివరికి, నా వైపు చూడకుండా, "పైలుకి పేణం నేదు. దానికుంది."

భానుమూర్తిగారు భోజనం నుంచి ఇంకా రాలేదు. లేచి తలుపు దగ్గరగా వేశాను. నరసమ్మ అప్పటికే పొట్టు పిండి పెట్టుకుంది. నేను చెంచా అందుకోబోతే తనే తీసుకుంది. పెన్సిల్ చుక్క పైకే ఉండేలా ఒక్కొక్క గుడ్డూ ఎత్తి, బూజు పట్టినదాన్ని పొడిదూదితో అద్ది, స్వీటు డబ్బాలో పెట్టింది. ట్రేలో ఆ గుంటల మీద తడిపొట్టు కప్పేశాను. మర్నాడు ఫొటో కింద 'గుడ్లు మాధ్యమం లోపల సురక్షితముగా ఉన్నవి' అని రాసి, బితుకుబితుకుమంటూ పంపాను. అక్షాంశ రేఖాంశాలు సరిపోయాయి కాబట్టి అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు.

ఇందుమతిగారికి సంగతి చెప్పాను. మర్నాడు నాకూ నరసమ్మకీ పులిహోర తెచ్చారు.

ఈలోగా మా ట్రే ఫొటోలు పైవాళ్లకి తెగ నచ్చాయి. వరసగా ఇన్ని రోజులు తేమ నిలబెట్టిన జిల్లా మరొకటి లేదట. దాంతో రాష్ట్రమంతటా 'తేమ పక్షోత్సవాలు' ప్రకటించారు. ప్రతి జిల్లా మాధ్యమం సిద్ధం చెయ్యాలి, రెండు గుడ్లు పొదిగించాలి. గుడ్లు లేవని ఒక జిల్లావాళ్లు రాస్తే, 'గుడ్లు లేకపోవుట మాధ్యమం సిద్ధపరచకపోవుటకు కారణం కాజాలదు' అని అక్షింతలు పడ్డాయి. ఇంకో జిల్లావాళ్లు రెండు పింగ్‌పాంగ్ బంతులు పెట్టి నూటికి నూరు శాతం సాధించారు. మా ఊళ్లో ఊరేగింపు తీశాం. కాలేజీ పిల్లలు 'తేమే జీవం, జీవమే తేమ' అని అరుచుకుంటూ నడిచారు. కూడలిలో జగన్నాథంగారు ఎడమ పిడికిలి పైకెత్తి అందరిచేతా ప్రమాణం చేయించారు. ముసురు పట్టిన రోజది. అందరం తగినంతకు మించి తడిశాం.

ముగింపు రోజున కమిషనర్‌గారు మా ట్రేని స్వయంగా దర్శిస్తారని కబురొచ్చింది. గుడ్లకి అది యాభై నాలుగో రోజు.

ఆ ఉదయం తొమ్మిదిన్నరకే నరసమ్మ గేటు దగ్గర నిలబడి నాకోసం చూస్తోంది. "బాబూ, గుడ్డు సిరిగింది!"

పరిగెత్తాను. ఒక గుడ్డు మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీత. అందులోంచి గుండుసూది తలంత ముక్కు. అది ఆగి, ఊపిరి తీసుకుంటోంది. బూజు పట్టిందే అది. ఇందుమతిగారికి ఫోన్ చేశాను. చేతికి గ్లవ్స్ ఉండగానే, ఏప్రన్‌తోనే వచ్చేశారు. జగన్నాథంగారూ భానుమూర్తిగారూ పిండుడు తొందరగా ముగించి, స్వాగత ఏర్పాట్లకి బయటికెళ్లారు. ముగ్గురం యూపీఎస్ చుట్టూ కూర్చున్నాం. పదకొండుకి ఒకటి బయటికొచ్చింది. అరగంటకి రెండోది. మచ్చలు లేవు; నలుపూ పసుపూ పట్టీలు, చిటికెన వేలంత పొడుగు. కళ్లు మాత్రం పెద్దవి, ఆ కళ్లతో మమ్మల్ని చూసి ఒకటి నోరు తెరిచి కీచుమని అరిచింది. బెదిరిస్తోందన్నమాట. ఇందుమతిగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాకు మాత్రం ఏం జరిగిందో తెలీదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

అప్పుడే బయట కారు ఆగింది.

డబ్బా మూత పెట్టేశాం. ఇందుమతిగారు దరఖాస్తుదారుల బెంచీ మీదకి వెళ్లిపోయారు. కమిషనర్‌గారు, వెనక పదిమంది, వాళ్ల వెనక కెమెరా. ట్రేకి బంతిపూల దండ కట్టి ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు.

"గుడ్లు?"

జగన్నాథంగారు నా వైపు చూశారు. ఆయన నిజంగానే అవి ట్రేలో ఉన్నాయనుకుంటున్నారు.

"లోపల ఉన్నాయి సార్," అన్నాను. "కదిపితే ప్రమాదం సార్."

"కదపొద్దు, కదపొద్దు!" అని ఆయన కంగారుగా వెనక్కి జరిగి, చూపుడువేలితో అంచున మెల్లగా ఒత్తారు. వేలి చుట్టూ నీరూరింది. కళ్లు మూసుకున్నారు. "ఈ తేమలో ఒక అంకితభావం ఉందయ్యా."

"తమరి మార్గదర్శకత్వం సార్," అన్నారు జగన్నాథంగారు.

"ఎప్పుడు పిల్లలవుతాయి?"

"తమరి ఆదేశములు వచ్చిన వెంటనే సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగిన ఆ నిశ్శబ్దంలో యూపీఎస్ మీంచి టకటకమని గోళ్ల చప్పుడు. కమిషనర్‌గారు తల తిప్పారు.

"అదేమిటి?"

"సీటు డబ్బా బాబూ, మిటాయిలు," అంది నరసమ్మ.

"ఓ, ముగింపు సందర్భంగానా?" అని ఆయన చెయ్యి చాపారు. ఆ చెయ్యి మూత మీద పడేలోపు నరసమ్మ డబ్బా తీసి గుండెకి హత్తుకుంది.

"తమరికి కాదు బాబూ. నాలుగో తరగతి వోళ్లం దాసుకున్నవి. మొన్నటివి. వాసనొస్తన్నాయి."

చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. అక్కణ్ణించి కారులోకి వెళ్లిపోయింది.

దుమ్ము అణిగాక నేను జగన్నాథంగారి గదిలోకి వెళ్లి, నిలబడి, జరిగిందంతా చెప్పేశాను. సస్పెన్షన్ ఖాయమనుకున్నాను. ఆయన నెమ్మదిగా లేచి, "చూపించు," అన్నారు. ఫైలు భాష కాదు. మామూలు మాట.

ఇందుమతిగారు మూత తీశారు. ఆయన వంగారు. ఎందుకో అరచెయ్యి డబ్బాలో పెట్టారు. పిల్లల్లో ఒకటి ఆ చేతిని కాసేపు అనుమానించి, మెల్లగా ఎక్కి, ముడతలు పడ్డ ఆ వేళ్ల మధ్య వెచ్చగా సర్దుకుని కూర్చుంది. పిడికిలి మూసుకోకుండా ఆయన అలాగే, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా, అయిదు నిమిషాలు ఉండిపోయారు.

"రిజిస్టరు ప్రకారం గుడ్లు ఎక్కడున్నాయి సన్యాసిరావు?"

"ట్రేలో సార్."

"నేను సంతకం చేశాను కదా?"

"ఈ రోజు కూడా చేశారు సార్."

"అయితే ఉన్నట్టే. ఈ పిల్లలకి ఎక్కడైనా రికార్డు ఉందా?"

"లేదు సార్."

"అయితే ఇవి లేనట్టే." పిల్లని జాగ్రత్తగా డబ్బాలోకి దింపారు. "లేనివాటిని ఎవరు ఎక్కడికి తీసుకెళ్లినా ఈ కార్యాలయానికి అభ్యంతరం ఉండదు. ఏమ్మా, దరఖాస్తు విచారణకి వచ్చారు కదా? పరిశీలనలో ఉంది. ఇక మీరు బయల్దేరవచ్చు."

ఇందుమతిగారు దణ్ణం పెట్టబోయి, చేతుల్లో డబ్బా ఉండటంతో తల మాత్రం వంచి వెళ్లిపోయారు. పిల్లలు ఇప్పుడు పురుగుల్ని వేటాడి తింటున్నాయట. బంతి నమోదు మాత్రం ఈనాటికీ కాలేదు. తొమ్మిదో కాలమ్ అలాగే ఉంది.

పది రోజులకి ట్రేని హెడ్డాఫీసుకి తరలించమని ఉత్తర్వు వచ్చింది. కానిస్టేబులు కాపలాతో, జీపులో, కుదుపులు లేకుండా గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్లారు. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు రసీదు వచ్చింది. 'రెండు గుడ్లు చక్కని స్థితిలో ముట్టినవి.'

మరో నెలకి కమిషనర్‌గారూ రెండు బల్లులూ ఉన్న ఒక పెద్ద రంగుల ఫొటో వచ్చింది. కమిషనర్‌గారి ప్రత్యక్ష పర్యవేక్షణలో గుడ్లు రెండూ విజయవంతంగా పిల్లలయ్యాయని, ఆ ఫొటోని ప్రతి జిల్లా కార్యాలయంలోనూ పటం కట్టించి పెట్టవలెనని కింద రాసి ఉంది. నరసమ్మ దాన్ని దుమ్ము దులిపే గుడ్డతో ఓసారి తుడిచి, దగ్గరగా చూసి, "ఇవి మనిళ్లల్లో గోడ బల్లులు కావేటి బాబూ?" అంది.

జగన్నాథంగారు వచ్చి నరసమ్మ పక్కన నిలబడి చూశారు. మేకు ఎక్కడ కొట్టాలో వేలితో చూపించారు.

పటం ఇప్పటికీ అక్కడే ఉంది. కమిషనర్‌గారు ఆ రెండు బల్లుల వైపు కన్నతండ్రిలా చూస్తున్నారు. అవి ట్యూబులైటు దగ్గరున్న పురుగు వైపు చూస్తున్నాయి.